బ్యాక్‌లాగులు ఉన్న అబ్బాయికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ కోర్సు అవసరమా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివి మంచి మార్కులు తెచ్చుకున్న మా అబ్బాయి, కాకినాడలో బీటెక్ మొదటి ఏడాదిలోనే మూడు సబ్జెక్టులు తప్పాడు. ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ కోర్సులో చేర్పిస్తే చదువు గాడిన పడుతుందంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టవద్దండి. సలోవీ, మేయర్ అనే మనస్తత్వవేత్తలు 1990లో ఈ భావనను ప్రతిపాదించినప్పుడు, తనలోనూ ఎదుటివారిలోనూ కలిగే భావోద్వేగాలను గుర్తించి, వాటిని అదుపులో ఉంచుకుని, ఆలోచనకు ఉపయోగించుకునే సామర్థ్యంగా దీన్ని వివరించారు. 27 దేశాలలోని 42,000 మందికి పైగా విద్యార్థుల సమాచారాన్ని క్రోడీకరించి 2020లో ప్రచురించిన విశ్లేషణ, ఈ సామర్థ్యానికీ మార్కులకూ సంబంధం ఉన్నదని, అయితే అది ఓ మోస్తరుదేనని చూపింది. తెలివితేటలు, క్రమశిక్షణ అంతకంటే బలమైనవి. విద్యార్థి తన గురించి తానే టిక్కులు పెట్టుకునే ప్రశ్నావళి కంటే, సామర్థ్యాన్ని నేరుగా పరీక్షించే పద్ధతికే మార్కులతో ఎక్కువ పొంతన కనిపించింది. కాబట్టి ఏ సంస్థయినా పది నిమిషాల ప్రశ్నావళితో మీ అబ్బాయికి స్కోరు చెబితే దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోకండి.

ఇంటర్‌లో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు చదవాలో, ఏ వారం ఏ పరీక్ష రాయాలో ఇతరులే నిర్ణయించారు. ఇంజనీరింగ్‌లో ఆ కట్టడి ఒక్కసారిగా పోయి, పరీక్ష తప్పినప్పుడు కలిగే సిగ్గును ఎలా తట్టుకోవాలో ఎవరూ నేర్పని స్థితిలో, అతడు లెక్చరర్‌కు ఎదురుపడలేక క్లాసు మానివేయడం, మానినకొద్దీ పాఠం అందకపోవడం జరుగుతుంది. హాజరు 75 శాతం కన్నా తగ్గితే పరీక్షకే ఇబ్బంది వస్తుంది. భావోద్వేగ సామర్థ్యం అక్కరకు వచ్చే చోటు ఇదే: సిగ్గుగా ఉన్నప్పటికీ వెళ్లి, "నాకు ఈ యూనిట్ అర్థం కాలేదు సార్" అని అడగగలగడం.

అందుకు ఇంటి నుంచి దక్కే సాయం చాలా విలువైనది. ఫోనులో మార్కుల మాట ఎత్తకుండా, ఏ సబ్జెక్టు దగ్గర కూర్చోలేకపోతున్నాడో అడగండి. పెళ్లిళ్లలో బంధువుల పిల్లలతో పోల్చడం మానండి (మన వైపు ఇది మరీ ఎక్కువ). ఒకరోజు మీరే కాకినాడ వెళ్లి, అతడికి చెప్పిన తరువాతే, మెంటర్‌గా ఉన్న అధ్యాపకుడిని కలవండి. నిద్ర, తిండి తగ్గినా, బ్రతుకు మీద నిరాశగా మాట్లాడినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ ఉచిత నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

సప్లిమెంటరీ ఫీజు గడువు దాటకుండా చూసుకోండి. మూడింటిలో అతడికి తేలికనిపించే సబ్జెక్టును ముందు పూర్తి చేయనివ్వండి. ఆ ఫలితాలు వచ్చాక కూడా కోర్సు కావాలని అతడే అడిగితే అప్పుడు ఆలోచించవచ్చు.