ఏ బడి అని అడిగే ముందు ఆర్నెల్ల ఖర్చు ఎక్కడుందో చూసుకోండి

ప్రశ్న: మాది ఒంగోలు. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. దుబాయ్‌లో నెలకు 14,000 దిర్హామ్‌ల ఉద్యోగం వచ్చింది, జనవరిలో చేరాలి. అద్దె, పిల్లల ఫీజులు అన్నీ ఆ జీతంలోనే. పాప ఏడో తరగతి, బాబు రెండు. అక్కడ బ్రిటిష్ సిలబస్ బడిలో ఇద్దరికీ ఏడాదికి 90,000 దిర్హామ్‌లు, సీబీఎస్ఈ బడిలో 20,000 అవుతుందట. అంత దూరం వెళ్తూ మళ్లీ సీబీఎస్ఈ ఏమిటని బంధువులు అంటున్నారు. ఇంటి అద్దె ఏడాదికి 65,000. మొదటి టర్మ్ ఫీజు, అద్దె చెక్కు, డిపాజిట్, టికెట్లు, వీసాలు కలిపి 17 లక్షల రూపాయలు కావాలి. 20 సవర్ల బంగారం పెట్టి 12 లక్షలు, తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదిలించదలచుకోలేదు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, ఉద్యోగం మానేసి నాతోపాటే వస్తుంది. ఏ బడి మంచిది?

జవాబు: బడి సంగతి తర్వాత మాట్లాడుకుందాం. గల్ఫ్ వెళ్తూ నెల్లూరులో మా ఆఫీసుకు వచ్చే కుటుంబాలు చాలావరకు మీ వరసలోనే ఆలోచిస్తున్నాయి. ముందు బడి, దాని కోసం అప్పు, ఏమైనా మిగిలితే పొదుపు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

మీరు రాసిన అంకెలనే కూడి చూడండి. ఏడాది జీతం 1,68,000. అందులో బ్రిటిష్ బడికి 90,000, అద్దెకు 65,000, ఇద్దరి స్కూలు బస్సుకు ఓ 9,000 తీసేస్తే మిగిలేది 4,000 దిర్హామ్‌లు. ఏడాది మొత్తానికి! నలుగురి తిండి, కరెంటు, ఫోన్లు, ఒంగోలులో పెద్దవాళ్లకు పంపేది, అన్నీ నెలకు 350 దిర్హామ్‌ల లోపే జరగాలి. ఇక బంగారం లోనుకు నూటికి నెలకు రూపాయి అనుకున్నా 12,000, చేబదులుకు 10,000, నెలకు 22,000 రూపాయల వడ్డీ. దిర్హామ్ 24 రూపాయల చొప్పున అది 900 దాటుతుంది. అంటే మొదటి నెల నుంచే వడ్డీ కోసం ఇంకో అప్పు చేయాలి. ఈ లెక్క మీరు కాగితం మీద ఒక్కసారి కూడా వేసుకోలేదని అర్థమవుతోంది. వేసుకుని ఉంటే ఆ అప్పు మాటే ఎత్తేవారు కాదు.

ఇల్లలకగానే పండగ కాదు. అక్కడి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు, ఆ సమయంలో 14 రోజుల నోటీసుతో తీసేయవచ్చు. ఏడాది సర్వీసు పూర్తయితేనే గ్రాట్యుటీ. ఉద్యోగం పోతే మూడు నెలలపాటు బేసిక్ జీతంలో 60 శాతం ఇచ్చే నిరుద్యోగ బీమా 2023 నుంచి తప్పనిసరి చేశారు కానీ, దానికి కూడా కనీసం 12 నెలలు ప్రీమియం కట్టి ఉండాలి. మొత్తం మీద మొదటి ఏడాది మిమ్మల్ని ఆదుకునేది మీ దగ్గరున్న డబ్బు ఒక్కటే. మీరేమో సరిగ్గా ఆ ఏడాదే చేతిలో ఏమీ లేకుండా, 17 లక్షల అప్పుతో, ఆవిడ జీతం కూడా మానిపించి, పిల్లలతో దిగాలంటున్నారు. భార్యాపిల్లల వీసాలు మీ వీసా మీదే ఆధారపడి ఉంటాయి. అద్దెకు రాబోయే తేదీలు వేసి ఇచ్చిన చెక్కు చెల్లకపోతే ఇంటి యజమాని నేరుగా కోర్టు ద్వారా వసూలుకు వెళ్లవచ్చు.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒకాయన ఇలాగే వెళ్లాడు. అయిదో నెలలో కంపెనీ ప్రాజెక్టు ఆగిపోయింది. పిల్లలు విద్యాసంవత్సరం మధ్యలో తిరిగొచ్చారు, ఇక్కడ బడిలో సీటు కోసం తిరగాల్సి వచ్చింది, తాకట్టు పెట్టిన నగలు వేలానికి పోయాయి. వెళ్లే ముందు ఆయన నన్ను అడిగిందీ ఇదే, ఏ బడి మంచిది అని. ఆ రోజు నేను బడి గురించే మాట్లాడి పంపించాను. ఆ తప్పు మళ్లీ చేయను.

కాబట్టి జనవరిలో మీరొక్కరే వెళ్లండి. ఎఫ్‌డీలో లక్ష తీసి మొదటి ఖర్చులకు వాడుకోండి, మిగతా మూడు లక్షలు ఆవిడ చేతికి అందేలా ఉంచండి. అత్యవసరానికి కదిలించని ఎఫ్‌డీ ఎందుకు? రూమ్ షేరింగ్‌లో ఉండి, తిండితో కలిపి 3,500లో సర్దుకుంటే నెలకు 10,500 దిర్హామ్‌లు, అంటే రెండున్నర లక్షల రూపాయలు మిగులుతాయి. ఇక్కడి ఇంటికి 50,000 పోగా రెండు లక్షలు పక్కన పెట్టవచ్చు. జనవరి నుంచి ఆ పై ఏడాది ఫిబ్రవరి దాకా 14 జీతాలకు 28 లక్షలు.

ఇక నేను పట్టుబట్టే మాట. సీబీఎస్ఈ బడి లెక్కన కుటుంబానికి అక్కడ నెలకు అద్దె 5,400, బడీ బస్సూ 2,400, ఇంటి ఖర్చు 4,000, దాదాపు 11,800 దిర్హామ్‌లు అవుతుంది. ఆరు నెలలకు 17 లక్షల రూపాయలు. మీరు అప్పు తేవాలనుకున్నదీ అంతే. ఆ 17 లక్షలు దాచిన రోజున కుటుంబానికి టికెట్లు తీయండి, అంతకు ముందు వద్దు. మిగిలే 11 లక్షలు మొదటి టర్మ్‌కు, అద్దె చెక్కుకు, డిపాజిట్‌కు సరిపోతాయి. ఈ నిధి మొత్తాన్ని ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) ఎఫ్‌డీలో వేసేయకండి, ఏడాది లోపు విరిస్తే దానికి వడ్డీ రాదు. సగమైనా సేవింగ్స్‌లో ఉండాలి. చుట్టాల పెళ్లికో, ఇంటి స్థలం అడ్వాన్సుకో దీన్ని తీయకూడదు.

ఇలా ఆగితే పిల్లల చదువుకూ నష్టం లేదు. దుబాయ్‌లో ఇండియన్ సిలబస్ బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. వచ్చే ఏడాదంతా పాప ఎనిమిది ఇక్కడే చదివి, ఆ పై ఏప్రిల్‌లో అక్కడ తొమ్మిదిలో చేరుతుంది. అంతకు మించి ఆలస్యం చేయవద్దు, సీబీఎస్ఈలో నేరుగా పదో తరగతిలో చేర్చుకోవడానికి ఆంక్షలున్నాయి. బడి సీబీఎస్ఈదే కానివ్వండి. రేపు తిరిగి రావాల్సి వస్తే ఒంగోలులోనో నెల్లూరులోనో అదే సిలబస్‌లో కూర్చోవచ్చు. దుబాయ్‌లో ప్రైవేటు బడులను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో బడుల ఫీజులు, తనిఖీ నివేదికలు ఉంటాయి, బంధువుల మాట కన్నా అవి చదవండి. టీసీ మీద డీఈఓ సంతకం, ఆపైన అటెస్టేషన్ అవసరమవుతాయి, రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ఇంకో విషయం ఎవరూ చెప్పరు. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు బయట చదివితే మన ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్ల స్థానిక కోటాకు పాప సాధారణంగా దూరమవుతుంది. ఇంజినీరింగ్ ఇక్కడే అనుకుంటే ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

టర్మ్ పాలసీ లేకపోతే విమానం ఎక్కే ముందే తీసుకోండి. దుబాయ్‌లో మీ ఆరోగ్య బీమా కంపెనీ బాధ్యత, కుటుంబానిది కాంట్రాక్టులో రాయకపోతే మీ బాధ్యతే. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవారికి ఇక్కడి డబ్బు కోసం ఉండే ఖాతా) మార్పించుకోండి. ఫీజు అలవెన్సు ఇస్తారా అని సంతకానికి ముందే అడగండి.

బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి. ఆ 5 లక్షలకు ఇంకా నోటు రాసి ఉండరనుకుంటున్నాను. ఈ వారంలోనే ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.