వేప వేరులోని బూజు గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. వేప వేరు లోపల కాపురముండే క్లోరిడియం అనే శిలీంధ్రం నుంచి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లు, అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి, జావానిసిన్ అనే పదార్థాన్ని తీశారు. సూడోమోనాస్ బ్యాక్టీరియా మీద అది గట్టిగా పనిచేసిందని 2009లో ప్రకటించారు. మంచి విషయం పట్టుకున్నావు. కానీ మొదటి వాక్యంలోనే 'వేపలోని దివ్యౌషధం' అనేశావు. అది ఔషధం ఇంకా కాలేదు, వేపది అసలే కాదు. చెట్టుకు ఏ హానీ చేయకుండా వేరులో బతికే బూజుది. అక్కడ తప్పు రాస్తే మిగతాదంతా తప్పుతుంది తల్లీ.

ఒకరోజు ల్యాబ్‌లో కూర్చుని చూడు. వేరు ముక్కను ఆల్కహాల్‌లో, బ్లీచ్ ద్రావణంలో ముంచి పైనున్న క్రిముల్ని చంపేస్తారు. తర్వాత క్రిములు లేని నీళ్లతో కడుగుతారు. ఆ ఆఖరి కడుగునీళ్లు పారబోయరు, కొంచెం తీసి, క్రిములు పెరిగే మేత పోసిన ఒక ప్లేటులో వేసి పక్కన పెడతారు. అందులో ఏమీ మొలవకపోతేనే, వేరు ముక్క కోసిన అంచు నుంచి కొన్ని రోజులకు తెల్లటి నూలుపోగుల్లా బయటికొచ్చింది లోపలిదేనని నమ్ముతారు. నీ వ్యాసంలో ఆ ఖాళీ ప్లేటు ఊసే లేదు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది దానితోనే.

ఇక ఆ వలయం సంగతి. బ్యాక్టీరియా పరిచిన ప్లేటు మీద, బూజు నుంచి తీసిన పదార్థం అద్దిన చిన్న కాగితపు బిళ్ల, దాని చుట్టూ ఏమీ పెరగని గుండ్రటి జాగా. చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. నా తొలి రోజుల్లో అలాంటిదే చూసొచ్చి 'మానని పుళ్లకు మందు దొరికింది' అని రాసేశాను. వారం తిరక్కుండా ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ల నాన్నగారికి షుగరట, కాలి పుండు మానట్లేదట, ఆ మందు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఏం చెప్పను? ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఆ బిళ్లకీ మందుల షాపుకీ మధ్య చాలా దూరం. అది మన కణాలకూ విషమేమో చూడాలి. పైగా కొన్ని శిలీంధ్రాలు ల్యాబ్‌లో పదేపదే మార్చి పెంచేసరికి ఆ పదార్థం తయారుచేయడమే తగ్గించేస్తాయి. చెట్టుకు దూరమవడం వల్లేనా అన్నది ఎంత మంచి ప్రశ్నో చూడు! ఇది రాస్తే పాఠకులు నిరుత్సాహపడతారని భయపడకు.

హోండురాస్ దాల్చినచెట్టులో దొరికిన మస్కొడోర్ ఆల్బస్ గురించి రాసింది ఈ వ్యాసంలోంచి తీసెయ్. ఆవిరితోనే క్రిముల్ని చంపే బూజు అది, దానికి వేరే వ్యాసం కావాలి.

తిరగరాసి ఆదివారంలోగా పంపు. ల్యాబ్‌కి వెళ్లినప్పుడు ఆ ఖాళీ ప్లేటు ఫోటో తీసుకోవడం మర్చిపోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు