డీఅడిక్షన్ చికిత్సపై డిసర్టేషన్: హైదరాబాద్‌లో ఆడిట్ ప్రశ్నావళి ఒక్కటే సరిపోతుందా?

హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరం చదువుతూ, తాగుడు మాన్పించే చికిత్స పొందినవారిపై డిసర్టేషన్ రాయదలచిన మీరు రెండు విషయాలు అడిగారు: తాగుడు ఎంత ముదిరిందో అంచనా వేసే ఆడిట్ (AUDIT) ప్రశ్నావళి ఒక్కటే సరిపోతుందా, చికిత్స ఫలించిందని దేన్నిబట్టి నిర్ణయించాలి అని. నగరంలోని ఒక డీఅడిక్షన్ కేంద్రంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఆడిట్ తప్పక వాడండి గానీ, ఇక్కడ దానిమీదే ఆధారపడకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆ పది ప్రశ్నల పట్టికలో 40కి 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే తాగుడు హాని చేసే దశకు చేరుతోందని భావిస్తారు. బీరు, విస్కీ తాగేవారి విషయంలో ఈ లెక్క బాగానే కుదురుతుంది. కల్లు కాంపౌండ్‌కు (కల్లు అమ్మే చోటుకు) వెళ్లేవారి విషయంలో కుదరదు, ఎందుకంటే ఇక్కడి కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు కలిగించే మందులు కలుపుతున్నట్టు ఎక్సైజ్ దాడుల్లో పదేపదే బయటపడింది. రోజుకు ఎన్ని డ్రింకులు తాగుతారన్న రెండో ప్రశ్నకు అడ్డా కూలీ ఇచ్చే జవాబు, అతని ఒంట్లోకి ఎంత మత్తుమందు చేరిందో ఏమాత్రం చెప్పదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కాంపౌండ్లు, వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మూర్ఛలతో, భ్రమలతో, పొంతనలేని మాటలతో పోటెత్తినవారిలో కల్లు అలవాటున్నవారు ఎందరో ఉన్నారు.

మద్యం మానినవారికీ కల్తీ కల్లు మానినవారికీ లక్షణాలు పైకి ఒకేలా కనిపించినా, అవి వచ్చే సమయం వేరు. ఆల్కహాల్ ఆపినవారికి మూర్ఛలు సాధారణంగా మొదటి రెండు రోజుల్లో, డెలిరియం (మతి తప్పి భ్రమలకు లోనుకావడం) రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య వస్తాయి. ఆల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి బాధ వెంటనే మొదలవుతుంది. డైజెపాం నిదానంగా పోతుంది కాబట్టి రోగి కుదుటపడ్డాడని ఇంటికి పంపేశాక కూడా ఆ బాధ రావచ్చు. కేస్ షీటులో ఇద్దరికీ 'ఆల్కహాల్ విత్‌డ్రాయల్' (మద్యం మానడంవల్ల వచ్చే బాధ) అనే రాసి ఉంటే, మీ పట్టికలో రెండు వేర్వేరు సమస్యలు ఒకే గడిలో పడతాయి.

అందువల్ల అలవాటైంది ఆల్కహాల్‌కా, కల్లులో కలిపిన మందుకా అన్నది తేల్చుకోవడానికి ఆడిట్‌కు తోడు సొంత ప్రశ్నలు కొన్ని చేర్చండి. వేరే కాంపౌండ్ కల్లు తాగితే నిద్ర పడుతుందా, కల్లు దొరకని రోజున బీరు తాగితే చేతుల వణుకు తగ్గుతుందా అని అడగండి. నా అనుభవంలో ఈ ప్రశ్నలకు రోగి కన్నా అతని భార్యే కచ్చితంగా జవాబు చెప్పేది. మూత్ర పరీక్ష ఫలితాలు వాడదలిస్తే, వార్డులో మొదటి మందు ఇవ్వకముందు తీసిన నమూనానే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే విత్‌డ్రాయల్‌కు ఇచ్చేవి కూడా ఆల్ప్రాజోలం, డైజెపాం జాతి మందులే.

ఇక ఫలితం సంగతి. డిశ్చార్జి నాటికి తాగడం లేదన్నది ఫలితమే కాదు. తాళం వేసిన వార్డులో ఎవరైనా తాగరు. మూడు నెలల తర్వాత కలిసి, క్యాలెండర్ ముందు పెట్టుకుని గడిచిన 90 రోజులను వెనక్కి గుర్తుచేయించే పద్ధతి నమ్మదగినది. తేదీలు గుర్తులేనివారికి కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు, చీటీ కట్టిన రోజు, బోనాలు, దసరా ఆనవాళ్లుగా పనికొస్తాయి. ఎన్ని రోజులు పనికి వెళ్లారు, ఇంట్లో గొడవలు తగ్గాయా అన్నది కూడా రాసుకోండి. ఫోన్ నంబరు మార్చి దొరకకుండా పోయినవారిని వదిలేస్తే మీ విజయశాతం ఊరికే పెరిగిపోతుంది కాబట్టి, వారంతా తిరిగి తాగుతున్నారనుకుని ఒక లెక్క విడిగా వేసి చూపండి. ఎయిమ్స్ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. కాబట్టి వార్డులో మీకు కనిపించేవారిని మొత్తం తాగుబోతులకు ప్రతినిధులుగా చూపకండి.

మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. పరిశోధనకు సమ్మతి ఆ చట్టం ప్రకారం తప్పనిసరి. విత్‌డ్రాయల్‌లో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించకండి, తెలివిడి పూర్తిగా వచ్చాకే అడగండి. అదీ చికిత్స చేస్తున్న సిబ్బంది కాకుండా మీరే అడగండి, లేకపోతే కాదంటే మందులు ఆపేస్తారేమోనన్న భయంతో ఒప్పుకుంటారు. కాంపౌండ్ పేరు, అది ఉన్న బస్తీ పేరు నోట్సులో రాయవద్దు. ఎక్సైజ్ కేసు వస్తే చిక్కుల్లో పడేది మీకు జవాబు చెప్పిన మనిషే కాబట్టి, ప్రతి కాంపౌండ్‌కు ఒక కోడ్ నంబరు ఇస్తే చాలు.