బాక్సులో కొన్న పాత డీవీడీ సాఫ్ట్‌వేర్‌ను కొత్త కంప్యూటర్‌లో వాడుకోవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారు పెళ్లి వీడియోలు తీసేవారు. డీవీడీలు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌ను 2010లో విశాఖపట్నంలో బిల్లు కట్టి కొన్నారు. ఆయన పోయాక స్టూడియో నేనే నడుపుతున్నాను. పాత కంప్యూటర్ పాడైంది. విండోస్ 11 ఉన్న కొత్తదానిలో ఆ డిస్కు వేస్తే ఇన్‌స్టాల్ అవుతుంది గానీ, కొన్న కాపీయేనా అని కంపెనీతో సరిచూసే యాక్టివేషన్ దగ్గర ఆగిపోతుంది. కంపెనీ దాన్ని అమ్మడం ఎప్పుడో మానేసింది. బరంపురం నుంచి వచ్చిన టెక్నీషియన్ ‘కంపెనీయే వదిలేసింది, ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు, నెట్‌లో క్రాక్ చేసిన, అంటే ఆ తాళం తీసేసిన కాపీ ఉంది, ఎక్కిస్తాను’ అంటున్నాడు. పాత పెళ్లిళ్ల ప్రాజెక్టులన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయి. నేను కేసుల్లో ఇరుక్కుంటానా?

జవాబు: మీ నాన్నగారు డబ్బు పెట్టి కొన్న డిస్కును కొత్త కంప్యూటర్‌లో పనిచేయించుకోవడం నేరం కాదు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. జాగ్రత్త పడాల్సింది టెక్నీషియన్ మాటల దగ్గరే.

‘కంపెనీ వదిలేసింది’ అన్న మాటను ముందు తీసుకుంటాను. నిజాయతీగా వ్యాపారం చేసుకునేవారు కూడా ఈ మాట నమ్మి చిక్కుల్లో పడుతున్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది. రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు దానిపై హక్కు ఉంటుంది. ఆ హక్కును వదులుకోవాలంటే 21వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వాలి, లేదా బహిరంగ ప్రకటన చేయాలి. అమ్మకం ఆపేసినంత మాత్రాన, కొత్త వెర్షన్లు తేనంత మాత్రాన హక్కు పోదు. 2013 జనవరిలో అడోబ్ సంస్థ ఫొటోషాప్ లాంటివి ఉన్న తన పాత సీఎస్2 ప్రోగ్రాముల యాక్టివేషన్ సర్వర్లు మూసేసి, వాటిని సీరియల్ నంబర్లతో సహా డౌన్‌లోడ్‌కు పెట్టింది. ఉచితమనుకుని జనం ఎగబడ్డారు. అది అంతకుముందే కొనుక్కున్నవారి కోసమేనని ఆ సంస్థ వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు మీకు అండగా నిలిచే నిబంధన చెబుతాను: 52(1) సెక్షన్‌లోని (ఏఏ) క్లాజు. ప్రోగ్రాము ప్రతి చట్టబద్ధంగా ఎవరి చేతిలో ఉందో వారు, ఆ ప్రతి నుంచే, దాన్ని ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి నకలు తీసుకోవచ్చు, మార్పుచేర్పులు చేసుకోవచ్చు. డిస్కు పాడైపోతుందేమోనన్న జాగ్రత్త కొద్దీ బ్యాకప్ కూడా ఉంచుకోవచ్చు. ఇవేవీ కాపీరైట్ ఉల్లంఘన కావు. కొంచెం కిందనే ఉన్న (ఏడీ) క్లాజు వ్యాపారంతో సంబంధం లేని సొంత వాడకానికి మాత్రమే వర్తిస్తుంది. మీది స్టూడియో కాబట్టి అది మీకు ఉపయోగపడదు. (ఏఏ)లో ఆ షరతు లేదు. మీరు పట్టుకోవాల్సింది దాన్నే.

చట్టబద్ధంగా చేతిలో ఉండడం అంటే ఏమిటో చూద్దాం. బిల్లు నాన్నగారి పేరున ఉంది కదా అని బెంగ వద్దు. ఆయన డిస్కు, బాక్సు, సీరియల్ నంబర్ అతికించిన అట్ట వారసుడిగా మీకు వచ్చాయి, ఎవరి దగ్గరా కాజేసినవి కావు. అయితే బాక్సులో లైసెన్సు పుస్తకం ఉంటుంది. దాన్ని తీసి, ఇతరులకు బదిలీ చేయడం గురించి ఏం రాశారో చదవండి. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే వారసత్వ ధ్రువపత్రం, ఆ బిల్లు ఒకే కవర్లో పెట్టి ఉంచండి. పదిహేనేళ్ల నాటి బిల్లు మీద సిరా వెలిసిపోతుంది, కాబట్టి వెంటనే స్కాన్ చేయించండి.

పనిచేయించే మార్గాల్లో కంపాటిబిలిటీ మోడ్‌కు ఏ అభ్యంతరమూ లేదు. అది పాత ప్రోగ్రాములను పాత విండోస్‌లో ఉన్నట్టు నడిపేందుకు విండోస్‌లోనే ఉన్న సదుపాయం. కొత్త కంప్యూటర్ లోపల పాత విండోస్ 7ను నడిపే వర్చువల్ మెషిన్ పద్ధతి కూడా సక్రమమే, కానీ ఆ విండోస్ 7కు విడిగా లైసెన్సు ఉండాలి. పాత కంప్యూటర్‌తో కలిపి వచ్చిన ఓఈఎమ్ విండోస్ ఆ కంప్యూటర్‌కే పరిమితం. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి గనుక దానికి ఇంటర్నెట్ కలపకండి. మ్యాక్ వాడే స్టూడియోలవారికి ఇంకో చిక్కు ఉంది. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ వెర్షన్ కాటలీనా నుంచి పాత తరహా 32 బిట్ ప్రోగ్రాములు నడవవు. వర్చువల్ మెషిన్‌లో పాత మ్యాక్ ఓఎస్ నడపడానికి యాపిల్ లైసెన్సు ఇచ్చే అనుమతిలో పెళ్లి వీడియోల వ్యాపారం లేదు.

క్రాక్ సంగతికి వస్తే, రెండు వేర్వేరు పనులను మీ టెక్నీషియన్ ఒకటిగా చూస్తున్నాడు. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, కాపీరైట్‌ను కాపాడే సాంకేతిక తాళాన్ని ‘హక్కును ఉల్లంఘించే ఉద్దేశంతో’ దాటినవారికి రెండేళ్ల వరకు జైలు, జరిమానా విధిస్తుంది. మీ సొంత డిస్కు నుంచి ఎక్కించిన ప్రోగ్రాము యాక్టివేషన్ దగ్గర ఆగితే, దాన్ని దాటడంలో మీకు ఆ ఉద్దేశం లేదని గట్టిగా వాదించవచ్చు. లైసెన్సు షరతు తప్పారని కంపెనీ సివిల్ దావా వేసే అవకాశం మాత్రం మిగులుతుంది. ఇతరుల తరఫున తాళం తీసే టెక్నీషియన్, ఎవరి కోసం తీశాడో వారి పేరు, చిరునామా సహా పూర్తి వివరాలు రాసి ఉంచాలని అదే సెక్షన్ చెబుతోంది. ఆ వివరాలు రాసిన పుస్తకం చూపమని మీ టెక్నీషియన్‌ను అడిగి చూడండి.

నెట్ నుంచి దింపిన కాపీ పూర్తిగా వేరే విషయం. అది మీ డిస్కు నుంచి తీసిన నకలు కాదు. (ఏఏ) క్లాజు దానికి వర్తించదు. దొంగ కాపీ అని తెలిసి వాడితే 63బి సెక్షన్ కింద కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసం కాకుండా వాడినవారికి జైలు లేకుండా వదిలిపెట్టే వెసులుబాటు ఉంది గానీ, డబ్బు తీసుకుని పనిచేసే స్టూడియోకు అది దక్కదు. బాక్సు మీ అల్మారాలోనే ఉన్నా, కంప్యూటర్‌లో దొరికేది దొంగ కాపీయే అయితే నేను మీ తరఫున నిలబడి చెప్పగలిగేది చాలా తక్కువ.

మీరు అడగని ఒక మాట కూడా చెప్పాలి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు అని ఘట్టాలుగా విడదీసిన డీవీడీ మెనూ వెనుక సినిమా పాట పెడుతున్నారా? పెళ్లి వేడుకలో పాట మోగించడానికి 52(1)(జెడ్ఏ) అనుమతి ఇస్తుంది. ఆ పాటను డిస్కులో ఎక్కించి అమ్మడానికి ఆ క్లాజు రక్షణ ఇవ్వదు. సాఫ్ట్‌వేర్ కంటే మీకు ఇందులోనే ప్రమాదం ఎక్కువని నా అభిప్రాయం.

పర్లాకిమిడిలో ఉన్నా, అవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో ఉన్నా కాపీరైట్ చట్టం ఒక్కటే, అది కేంద్ర చట్టం. కంపెనీ తరఫున అంటూ ఎవరైనా డబ్బు గుంజడానికి ఆధారం లేకుండా బెదిరిస్తే, 60వ సెక్షన్ కింద మీరే ఎదురు దావా వేయవచ్చు. ఫోన్‌లో జవాబు చెప్పకండి, నోటీసు రాతపూర్వకంగా పంపమనండి.

పాత ప్రాజెక్టులను మీ డిస్కుతోనే తెరవండి. కొత్త పెళ్లిళ్లకు, డీవీడీలు తయారు చేసే డీవీడీస్టైలర్ లాంటి ఉచిత, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చాలు. టెక్నీషియన్ ఆ నెట్ కాపీని ఇప్పటికే ఎక్కించి ఉంటే ఈ రోజే తీయించి, మీ డిస్కు నుంచి మళ్లీ ఎక్కించుకోండి. ఆ పని చేసినట్టు తేదీ వేసిన రసీదు ఆయన దగ్గర తీసుకోండి.