రొయ్య సీడ్‌కు ఒక ల్యాబ్‌లో నెగటివ్, ఇంకో ల్యాబ్‌లో పాజిటివ్... దేన్ని నమ్మాలి?

ప్రశ్న: రెండెకరాల చెరువులో వనామీ రొయ్య సీడ్ (పిల్లలు) వేయబోతున్నాను. పిల్లల్ని అమ్మే హేచరీ ఇచ్చిన పీసీఆర్ (వైరస్ పరీక్ష) రిపోర్టులో వైట్ స్పాట్ (తెల్లమచ్చల వ్యాధి) నెగటివ్ అని ఉంది. అనుమానంతో అదే ట్యాంకు పిల్లల్ని బయట ల్యాబ్‌లో చూపిస్తే ‘ఫస్ట్ స్టెప్ నెగటివ్, నెస్టెడ్ పాజిటివ్’ అన్నారు. కొద్దిగానే ఉంది, వేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, భీమునిపట్నం, విశాఖపట్నం జిల్లా

జవాబు: ఆ సీడ్ వేయకండి. రెండు రిపోర్టులూ నిజమే అయి ఉండొచ్చు. వైట్ స్పాట్ డీఎన్‌ఏ వైరస్. పీసీఆర్ యంత్రం ఆ డీఎన్‌ఏలో ఒక ముక్కను ఎంచుకుని, వేడి చేస్తూ చల్లారుస్తూ దాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతుంది. వైరస్ ఎక్కువుంటే మొదటి విడతలోనే, అంటే ఫస్ట్ స్టెప్‌లోనే, ఫలితంలో గీత కనిపిస్తుంది. తక్కువుంటే ఆ ద్రవాన్నే మళ్లీ పెంచి చూడాలి, అదే నెస్టెడ్. అందులో మాత్రమే పాజిటివ్ వస్తే వైరస్ తక్కువుందని అర్థం, లేదని కాదు. చెరువులో నీరు చల్లబడినా, పిల్లలు ఒత్తిడికి గురైనా అదే విజృంభిస్తుంది. చచ్చిన రొయ్యను మిగతావి తినడంతో చెరువంతా పాకుతుంది.

ఇక హేచరీ రిపోర్టులో నెగటివ్ ఎందుకొచ్చిందంటే, పరీక్షకు ఎన్ని పిల్లలు తీశారో అడగండి. అసలు కిటుకు అక్కడే ఉంది. నూటికి రెండు పిల్లల్లో వైరస్ ఉన్నప్పుడు 30 తీసి చూస్తే సగానికి పైగా సార్లు ఒక్కటీ చిక్కదు. 150 తీస్తే నూటికి 95 సార్లు ఒక్కటైనా చిక్కుతుంది. రెండు లక్షల సీడ్‌లో రెండు శాతమంటే నాలుగు వేల పిల్లలు మరి! ట్యాంకు నాలుగు మూలల నుంచీ, అడుగు నుంచీ తీయాలి. నీరసంగా తిరిగేవాటిని వదలొద్దు. 150నీ ఒకే గొట్టంలో రుబ్బితే ఒకటి రెండు పిల్లల వైరస్ పలచబడి దొరక్కపోవచ్చు. 30 చొప్పున అయిదు భాగాలు చేయమనండి.

పీఎల్-10 (పోస్ట్ లార్వా దశలో పదో రోజు) దాటిన పిల్లలకు పరీక్షకు ముందు కళ్లు తీసేయాలి. కంట్లోని పదార్థాలు పరీక్షను అడ్డుకుంటాయి, వైరస్ ఉన్నా గీత రాదు. అందుకే రిపోర్టులో రొయ్య సొంత జన్యువు గీత కూడా ఉందా అని చూసుకోండి. అది లేకపోతే ఆ నెగటివ్‌కు విలువ లేదు. అలాగే నెస్టెడ్‌లో గొట్టాలు తెరిచి కలిపేటప్పుడు ఒక్క తుంపర పడినా లేని వైరస్ ఉన్నట్టు చూపుతుంది. వైరస్ కలపని ఖాళీ గొట్టంలోనూ గీత వస్తే ఆ పాజిటివ్‌నూ నమ్మక్కర్లేదు. అనుమానం తీరకుంటే కొత్త శాంపిల్‌తో మళ్లీ చేయించండి.

బతికున్న పిల్లల్ని ఆక్సిజన్ సంచిలో పంపడం మేలు. దూరమైతే 95 శాతం ఆల్కహాల్‌లో, పిల్లల పరిమాణానికి పది రెట్లు పోసి పంపండి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. ముందురోజు చచ్చిపడినవి పట్టుకెళ్లినా ఫలితం సరిగా రాదు. చెరువులో పెద్ద రొయ్యలకు అనుమానమొస్తే మొప్పలు, ఈత కాళ్లు ఇవ్వండి. లివర్ అంటామే, ఆ హెపటోపాంక్రియాస్ వైట్ స్పాట్‌కు పనికిరాదు. ఈహెచ్‌పీ (రొయ్య లివర్‌లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) పరీక్షకైతే అదే కావాలి.

ఇంకో ట్యాంకు సీడ్ నెగటివ్ వచ్చినా, అది సీడ్‌కు మాత్రమే. పీతలు, చెరువులోకొచ్చే అడవి రొయ్యలు కూడా ఈ వైరస్‌ను మోస్తాయి. పీతల కంచె వేసి, నీటిని వలలతో వడకట్టి, రిజర్వాయర్‌లో బ్లీచింగ్ కొట్టాకే చెరువులోకి వదలండి.