పెరట్లో నిలిచే నీటికి దారి ఏది?

ప్రశ్న: తెనాలి దగ్గర డెల్టా పల్లెలో మా ఇల్లు ఉంది. వీధిలో సిమెంటు రోడ్డును ఎత్తుగా వేసినప్పటి నుంచి, వాన పడితే పెరట్లో నాలుగైదు రోజులు నీరు నిలుస్తోంది. నేల నల్లరేగడి. రెండు బొప్పాయి చెట్లు మొదలు కుళ్లి పడిపోయాయి. ఇంకుడు గుంత తవ్వించి, పెరడంతా ఇసుక పోయిస్తే చాలునని మేస్త్రి అంటున్నారు. చేయించమంటారా?
— ఒక గృహిణి, గుంటూరు జిల్లా

జవాబు: తొందరపడకండి. సాగు కాలువలకు నీరు వదిలిన రోజుల్లో, పెరటి పల్లంలో రెండడుగుల గొయ్యి తవ్వించి, వాన పడకుండా రేకు కప్పి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి అడుగున ఊట చేరితే భూగర్భజలం పైకే ఉన్నట్టు. అటువంటి చోట తవ్విన ఇంకుడు గుంత తొలి వానకే నిండిపోయి, ఆపైన దోమల తొట్టిగా మిగులుతుంది. ఇసుక మాటకొస్తే, తడిసిన నల్లరేగడి ఉబ్బి బిగుసుకుంటుంది కనుక, పైన పోసిన ఇసుకలోనే నీరు ఆగి, పైకి ఆరినట్టు కనబడుతూ వేళ్లను మాత్రం కుళ్లబెడుతుంది.

ముందుగా డాబా గొట్టాలు ఎక్కడికి దిగుతున్నాయో చూడండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 930 లీటర్ల నీరు వస్తుంది. అదంతా పెరట్లోకే దిగుతుంటే, పైపు కలిపి నేరుగా వీధి కాలువలోకి పంపించండి. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం వద్దు.

ఆ తరువాత మేస్త్రి దగ్గరుండే లెవెల్ ట్యూబుతో పెరటి పల్లాన్ని, వీధి కాలువ అడుగును కొలిపించండి. ఖర్చులేని ఈ పనిని చాలామంది వదిలేస్తారు. కాలువ అడుగు కిందికి ఉంటే, ప్రహరీ వెంబడి వంద అడుగులకు ఒక అడుగు వాలు వచ్చేలా ఇటుకలతో చిన్న కాలువ కట్టించుకోండి. చిల్లుల పైపు పరిచి కంకర పోసే పద్ధతి కూడా ఉన్నది కానీ, చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే వడపోత గుడ్డ) చుట్టకపోతే మన జిగురు మట్టికి అది త్వరగా పూడుకుపోతుంది. పారతో పూడిక తీసుకోగల తెరిచిన కాలువే మీకు మేలని నా అభిప్రాయం.

వీధి కాలువే పెరటికన్నా ఎత్తులో ఉంటే మాత్రం మెరక చేయించక తప్పదు. పోసిన మట్టి ఇంటి అరుగు మట్టానికి కిందే ఉండాలి, గోడ వైపు నుంచి బయటికి వాలాలి. పెద్ద చెట్ల మొదళ్లను కప్పవద్దు. వేళ్లకు గాలి ఆడక ఎండిపోతాయి. నీటిని పక్కవారి దొడ్డిలోకి మళ్లించినా తగవే వస్తుంది.

బొప్పాయి వేళ్లు రెండు రోజులు నీటిలో ఉంటేనే తట్టుకోలేవు. కనుక ఈసారి అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ మీద పశువుల ఎరువు కలిపి నాటండి. తవ్వకం పనులన్నీ నేల ఆరిన మాఘ, ఫాల్గుణ మాసాల్లో పెట్టుకుంటే మంచిది; తడి రేగడిని తొక్కితే అది ఇంకా గట్టిపడుతుంది.