థెరపీలో ఎన్‌ఎల్‌పీ: నేను వాడేవి, పక్కన పెట్టినవి

మీరు అడిగింది ఇది: ఎమ్మెస్సీ సైకాలజీ చేసి కౌన్సెలింగ్ చేస్తున్నారు, ఈమధ్యే ఎన్‌ఎల్‌పీ (న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్, మాటలు, ఊహలతో ఆలోచననూ ప్రవర్తననూ మార్చవచ్చని చెప్పే పద్ధతి) ప్రాక్టీషనర్ కోర్సు కూడా పూర్తి చేశారు. ఆ టెక్నిక్స్‌ని థెరపీలో ఎలా కలపాలి, ఎవరికి వాడాలి, బోర్డు మీద ఎన్‌ఎల్‌పీ థెరపిస్ట్ అని రాసుకోవచ్చా అని. నేను గుంటూరులో క్లినికల్ సైకాలజిస్ట్‌ని. ప్రధానంగా చేసేది సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ పరీక్షించి మార్చే థెరపీ. ఎన్‌ఎల్‌పీ నేనూ నేర్చుకున్నాను, అందులో కొన్ని ఇప్పటికీ వాడుతున్నాను. నా సలహా సూటిగా ఇది: టెక్నిక్ తీసుకోండి, దాని వెనక చెప్పే సిద్ధాంతాన్ని అక్కడే వదిలేయండి. ఎదుటి మనిషికి అసలు సమస్య ఏమిటో తేలాకే టెక్నిక్ బయటికి తీయండి.

1970లలో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ యూనివర్సిటీలో రిచర్డ్ బ్యాండ్లర్ అనే విద్యార్థి, జాన్ గ్రిండర్ అనే లింగ్విస్టిక్స్ అధ్యాపకుడు కలిసి మొదలుపెట్టిన పని ఇది. పేరున్న ముగ్గురు థెరపిస్టుల మాటతీరును వాళ్లు పట్టుకోవాలనుకున్నారు: గెస్టాల్ట్ థెరపీలో ఫ్రిట్జ్ పెర్ల్స్, ఫ్యామిలీ థెరపీలో వర్జీనియా సటీర్, హిప్నోసిస్‌లో మిల్టన్ ఎరిక్సన్. పెర్ల్స్ 1970లోనే చనిపోయారు కాబట్టి ఆయన విషయంలో రికార్డింగులే ఆధారం. అంటే ఎన్‌ఎల్‌పీలో పనికొచ్చే భాగం థెరపీ గదుల్లోంచే బయటికి వెళ్లింది. అది మళ్లీ థెరపీలో ఇమడటంలో వింతేమీ లేదు. కానీ ఎరిక్సన్ సైకియాట్రిస్టు, సటీర్ సోషల్ వర్కర్. ఏ మాట ఎవరితో అనాలి, ఎవరితో అనకూడదు అన్నది వాళ్లకు ఏళ్ల తరబడి మనుషుల్ని చూస్తే వచ్చిన విచక్షణ. టేపు విని రాసుకుంటే మాట దొరుకుతుంది, ఆ విచక్షణ దొరకదు. కోర్సు సర్టిఫికెట్ చేతికి వచ్చాక మీరు సంపాదించుకోవాల్సింది అదే.

ముందు పక్కన పెట్టాల్సినవి చెప్తాను. కళ్లు కుడివైపు పైకి వెళితే అబద్ధం, ఎడమవైపు పైకి వెళితే నిజం అన్నది పూర్తిగా మర్చిపోండి. 2012లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం దీన్ని పరీక్షించి చూసింది, కళ్ల కదలికకూ అబద్ధానికీ సంబంధం కనిపించలేదు. భర్త కళ్లు ఎటు తిరిగాయో చూసి ఆయన అబద్ధం చెబుతున్నాడని భార్య దగ్గర తేల్చేసిన కౌన్సెలర్లు ఉన్నారు. ఒక కాపురంలో ఆ మాట ఎంత విషం పోస్తుందో ఆలోచించండి. ఈయన విజువల్ (బొమ్మలుగా ఆలోచిస్తారు), ఆవిడ ఆడిటరీ (శబ్దాలుగా ఆలోచిస్తారు) అని మనుషుల్ని విడగొట్టడం కూడా అంతే. క్రిస్టఫర్ షార్ప్లీ 1980లలోనే ఆ పరిశోధనలన్నీ కూర్చి సమీక్షించి, దానికి ఆధారం లేదని రాశారు. ఎదుటివాళ్ల కూర్చునే తీరును, చేతుల కదలికలను అనుకరించే మిర్రరింగ్ కూడా నేను చేయను. మాట వేగం, గొంతు స్థాయి వాళ్లకు దగ్గరగా తెచ్చుకుంటే చాలు.

ఇక నేను రోజూ వాడేది మెటా మోడల్ ప్రశ్నలు. మనిషి చెప్పే మాటలో ఏది జారిపోయింది, ఏది అందరికీ అంటగట్టేశారు, ఏది ఊహించేసుకున్నారు అని చూసి అడగడం. సీబీటీలో ఆలోచనల్ని పరీక్షించే ప్రశ్నలకు ఇవి బాగా దగ్గర. మన దగ్గర ఇవి ఎక్కువగా అవసరమయ్యేది ఇలాంటి మాటల దగ్గర: "నలుగురూ నవ్వుతారండీ", "నా వల్ల ఏదీ కాదు", "మా ఇంట్లో నన్నెవరూ లెక్కచేయరు". సివిల్స్ రెండుసార్లు పోయిన ఒకబ్బాయి "ఊళ్లో అందరూ నన్ను ఓ రకంగా చూస్తున్నారు సార్, అందుకే పండక్కి కూడా వెళ్లడం మానేశాను" అన్నాడు. "ఆఖరుసారి వెళ్లినప్పుడు ఎవరు కనిపించారు, వాళ్లేమన్నారో చెప్పు నాన్నా" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "బాబాయ్ ఒక్కడే సార్, రిజల్ట్ ఏమైందిరా అని అడిగాడు" అన్నాడు. ఊరంతా ఒక బాబాయ్ దగ్గరికి వచ్చి ఆగింది. ఆ తర్వాతి సెషన్ల పని అంతా ఆ బాబాయ్ మాట చుట్టూ, అది విని వాళ్ల నాన్న ముందు అతను తల దించుకున్న క్షణం చుట్టూ నడిచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. కోర్సులో ఇచ్చిన ఇంగ్లీషు ప్రశ్నల్ని ఉన్నవి ఉన్నట్టు తెలుగులోకి దించితే పోలీసు విచారణలా ఉంటుంది. "అందరూ అంటే ఎవరు? మీకెలా తెలుసు?" అని ఒక అరవై ఏళ్ల పెద్దాయన్ని అడిగి చూడండి, ఆయన ఇక నోరు విప్పరు. "ఎందుకు" అనే మాట మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ తిట్టే ముందే వినపడింది, అందుకే దాన్ని వీలైనంత తగ్గించాను. "అప్పుడేం జరిగిందండీ", "ఆ మాట ముందు ఎవరన్నారమ్మా" అంటే అదే సమాచారం నొప్పి లేకుండా వస్తుంది. వాళ్ల బాధ విన్నట్టు ఒక మాట అన్నాకే ప్రశ్న వేయండి. ప్రశ్న మీద ప్రశ్న వేయకండి.

మీరు ప్రత్యేకంగా అడిగిన ఫోబియా టెక్నిక్, అదే భయపడిన సంఘటనను సినిమా తెర మీద చూస్తున్నట్టు ఊహించుకునేది, నాకు చాలా ఇష్టమైనది. సినిమా హాలు మనవాళ్లకు ఎంత పరిచయమో చెప్పక్కర్లేదు, రెండు మాటలు చెప్పగానే అందుకుంటారు. ఒక ఉదాహరణ చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. మిర్చి యార్డులో గుమాస్తా పని చేసే ఒకాయన హైవే మీద బైక్‌పై వెళ్తుంటే వెనకనుంచి లారీ తగిలింది. కాలు బాగైంది కానీ బైక్ ముట్టుకోలేకపోయారు, లారీ హారన్ వింటే చేతులు బిగుసుకుపోయేవి. ముందు పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య) ఉందేమో పూర్తిగా పరిశీలించాను. పీడకలలు లేవు, మిగతా రోజంతా మామూలుగానే ఉన్నారు, ఉద్యోగం, నిద్ర బాగానే ఉన్నాయి. భయమంతా బండి నడపడం దగ్గరే ఆగింది. అప్పుడు ఈ టెక్నిక్ ఎంచుకున్నాను.

కళ్లు మూసుకుని ఖాళీ హాల్లో బాల్కనీలో కూర్చున్నట్టు ఊహించుకోమన్నాను. తర్వాత అక్కడినుంచి లేచి వెనక ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లి, బాల్కనీలో కూర్చున్న తనని తానే ఆ గది కిటికీ అద్దంలోంచి చూడమన్నాను. తెర మీద బొమ్మ బ్లాక్ అండ్ వైట్, శబ్దం లేదు. కథ ప్రమాదానికి ముందు టీ కొట్టు దగ్గర మొదలై, ఆసుపత్రిలో తమ్ముడు వచ్చి చేయి పట్టుకునే చోట ముగియాలి. రెండు చివరలా భద్రమైన క్షణం ఉండటం చాలా ముఖ్యం, దీన్ని వదిలేస్తే మనిషిని భయం మధ్యలో నిలబెట్టినట్టే అవుతుంది. అది కుదురుగా చూడగలిగాక తెరలోకి దిగి, రంగుల్లో, వేగంగా వెనక్కి తిప్పమన్నాను. లారీ వెనక్కి వెళ్లిపోతుంది, రోడ్డు మీద దొర్లిన హెల్మెట్ ఎగిరి వచ్చి తల మీద కూర్చుంటుంది, గ్లాసులోకి టీ మళ్లీ చేరుతుంది. హెల్మెట్ దగ్గర ఆయన ఫక్కున నవ్వారు. ప్రమాదం సంగతి చెబుతూ ఆయన నవ్వడం అదే మొదలు.

ఈ పని అక్కడితో ఆపితే సగమే చేసినట్టు. ఆ ఊహ ఆయనకు బైక్ దగ్గరికి వెళ్లేంత ధైర్యం ఇచ్చింది. ఆ తర్వాత తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు తమ్ముణ్ని వెనక కూర్చోబెట్టుకుని కాలనీ రోడ్లలో, తర్వాత ఒంటరిగా, తర్వాత సర్వీస్ రోడ్డు మీద, చివరికి లారీలు తిరిగే హైవే మీద, ఇలా మెట్టు మెట్టుగా నడిపించాం. భయం తగ్గించడంలో బలమైన ఆధారం ఉన్నది ఆ ఎక్స్‌పోజర్‌కే, అంటే భయపడేదాన్ని ఇలా మెల్లగా ఎదుర్కోవడానికే. తెర టెక్నిక్ దానికి దారి సులువు చేసింది. ఒక్క సెషన్‌లో ఫోబియా మాయం అని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఇదే పద్ధతి నుంచి వచ్చిన ఆర్‌టీఎం (రీకన్సాలిడేషన్ ఆఫ్ ట్రామాటిక్ మెమరీస్) అనే చికిత్సను అమెరికాలో మాజీ సైనికుల మీద ప్రయత్నించారు. చిన్న ట్రయల్స్‌లో ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. కానీ పీటీఎస్‌డీకి ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ చేదు అనుభవం మీదే పనిచేసే సీబీటీ), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం మీద చేసే చికిత్స) వెనక ఉన్నంత ఆధారం దీనికి ఇంకా లేదు. మొత్తం ఎన్‌ఎల్‌పీ మీద 2012లో బ్రిటన్‌లో వచ్చిన సిస్టమాటిక్ రివ్యూ కూడా ఆరోగ్యం మెరుగుపడుతుందనడానికి ఆధారం చాలా తక్కువ అనే తేల్చింది. లేనివి వినపడేవాళ్లకు, ఉన్నట్టుండి తాము ఎక్కడున్నామో తెలియనంతగా చుట్టూ ఉన్నదాన్నుంచి మనసు తెగిపోయేవాళ్లకు, చిన్నప్పుడు లైంగిక హింస అనుభవించినవాళ్లకు ఈ తెర పని మీరు మొదలుపెట్టొద్దు. సీనియర్‌కి పంపండి.

యాంకరింగ్ దగ్గర మీరు చాలా ఆలోచించి అడుగు వేయాలి. ప్రశాంతంగా ఉన్న జ్ఞాపకంలోకి మనిషిని తీసుకెళ్లి, అదే సమయంలో ఒక స్పర్శను జత చేయడం కదా. ముందుగా, ఆ స్పర్శ మీది కాకూడదు. క్లయింటు భుజం మీదో మోకాలి మీదో చేయి వేసి చూపించే ట్రైనర్లు ఉన్నారు, మనం అది చేయకూడదు. బొటనవేలు, మధ్యవేలు కలిపి తామే నొక్కుకోమంటే సరిపోతుంది. పరీక్ష ముందు టెన్షన్‌కి, స్టేజీ మీద మాట్లాడటానికి ఇది కాస్త ఉపయోగపడుతుంది.

పానిక్ డిజార్డర్‌లో మాత్రం ఇదే ఎదురు తిరుగుతుంది. పానిక్ వచ్చినప్పుడల్లా వేలు నొక్కుకోవడం అలవాటైతే, "ఇది నొక్కుకోబట్టి బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది. ఆ వేలు తాయెత్తులా తయారవుతుంది, అది లేకుండా బస్సెక్కలేరు. పానిక్ చికిత్సలో మనం నేర్పాల్సింది గుండె దడ వచ్చినా ప్రాణం పోదు, ఏమీ చేయకపోయినా అది దానంతటదే దిగిపోతుంది అని. అందుకే వాళ్లతో నేను మెట్లెక్కిస్తాను, కుర్చీలో గిరగిరా తిప్పుతాను, ఆ దడను కావాలనే తెప్పిస్తాను. యాంకర్ జోలికి పోను.

సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లది ఇంకో కథ. మిగతా ఫోబియాల్లో బీపీ పెరుగుతుంది, వీళ్లలో ముందు కాస్త పెరిగి ఒక్కసారిగా పడిపోతుంది. స్పృహ తప్పేది అందుకే. వీళ్లకు రిలాక్సేషన్ యాంకర్ వేస్తే బీపీ దించడానికి మనమే సాయం చేసినట్టు. స్వీడన్‌కి చెందిన లార్స్ గోరన్ ఓస్ట్ తయారు చేసిన అప్లైడ్ టెన్షన్ వీళ్లకు సరైనది: చేతులు, కాళ్లు, నడుము కండరాల్ని పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి, ముఖం వెచ్చబడగానే మామూలు స్థితికి వదలడం, మళ్లీ బిగించడం. పేరు ఫోబియానే, చికిత్స పూర్తిగా తలకిందులు. ఎవరికేముందో తేల్చకుండా టెక్నిక్ తీయొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

రీఫ్రేమింగ్, అంటే జరిగినదాన్ని వేరే కోణంలో చూపించడం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ప్రతి ప్రవర్తన వెనకా ఒక మంచి ఉద్దేశం ఉంటుందని కోర్సులో నేర్పుతారు. పిల్లాడు చదవట్లేదని అరిచే తండ్రి వెనక అప్పుల భయం ఉందని చూపిస్తే ఇల్లు చల్లబడిన సందర్భాలు నేను చూశాను. కానీ భర్త కొడుతున్నాడని వచ్చిన ఆడమనిషికి ఈ మాట చెప్పడం దుర్మార్గం. "ఆయన ఉద్దేశం మంచిదే, వ్యక్తం చేయడం రాదంతే" అని పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు ఆవిడకు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. మన దగ్గరికి వచ్చి అదే వింటే ఇక ఎక్కడికి పోతుంది? అక్కడ చేయాల్సింది భద్రత గురించి మాట్లాడటం, 2005 గృహహింస చట్టం కింద ఆవిడకు ఏ రక్షణ ఉందో చెప్పడం, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్ ఇవ్వడం.

లక్ష్యాలు పెట్టే పద్ధతి మాత్రం నిశ్చింతగా వాడుకోండి. "టెన్షన్ పోవాలి" అంటే, టెన్షన్ లేని రోజు పొద్దున్నే లేచి ఏం చేస్తారు, అది ఇంట్లో ముందు ఎవరికి తెలుస్తుంది అని అడగండి. సొల్యూషన్ ఫోకస్డ్ థెరపీ కూడా ఇలాగే అడుగుతుంది.

ఏది వాడినా ముందు చెప్పి వాడండి. "ఇది ఊహతో చేసే ఒక పద్ధతి, దీని మీద పరిశోధన తక్కువ, కొందరికి ఉపయోగపడింది, ఇష్టం లేకపోతే వేరేది చేద్దాం" అంటే ఎవరూ పారిపోరు, నమ్మకం పెరుగుతుంది. సెషన్ నోట్స్‌లో ఏ కారణంతో ఆ టెక్నిక్ ఎంచుకున్నారో రాయండి. ముందూ వెనకా ఒక స్కేలుతో కొలవండి, డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకు జీఏడీ-7 చాలు. కొన్ని సెషన్ల తర్వాత కూడా అంకె కదలకపోతే ఆ పద్ధతి మీద మీకెంత ఇష్టమున్నా మార్చండి. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే టెక్నిక్స్ అన్నీ పక్కన పెట్టి ప్రమాదం ఎంతో అంచనా వేయండి, సైకియాట్రిస్టుకు చూపించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వాళ్ల ఫోన్‌లో సేవ్ చేయించండి.

బోర్డు సంగతి. ఆస్ట్రియాలో న్యూరో లింగ్విస్టిక్ సైకోథెరపీ ప్రభుత్వం గుర్తించిన పద్ధతి, కానీ అక్కడ దానికి ఏళ్ల తరబడి శిక్షణ ఉంటుంది. మన దేశంలో ఎన్‌ఎల్‌పీ సర్టిఫికెట్ చికిత్స చేయడానికి లైసెన్స్ కాదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాయాలంటే గుర్తింపు పొందిన కోర్సు చేసి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. మీరు బోర్డు మీద మీ ఎమ్మెస్సీ, కౌన్సెలర్ అనే మాట రాయండి. ఎన్‌ఎల్‌పీ కోర్సు సంగతి అడిగినవాళ్లకు నోటితో చెప్పండి. కోర్సుల మీద పెట్టే డబ్బుంటే ఎన్‌ఎల్‌పీలో తర్వాతి మెట్టయిన మాస్టర్ ప్రాక్టీషనర్ లెవెల్‌కి కట్టకుండా, నెలనెలా మీ కేసులు విని సరిదిద్దే సూపర్‌వైజర్‌కి కట్టండి. మీ ఊళ్లో ఎవరూ లేకపోతే ఆన్‌లైన్‌లో చేసే సీనియర్లు ఉన్నారు, మొదటి కేసుగా ఏది తీసుకెళ్లాలో తెలియకపోతే కామెంట్‌లో అడగండి, చెప్తాను.